బేరీజు, వజా, బాకీ

బిడ్డా,

జిల్లా పరిషత్ బళ్ళో నీకు కొలువు దొరికిందని మీ బాపు ఫోన్ చేసినప్పుడు నేను పెరట్లో మిరప నారుకు నీళ్ళు పెడుతున్నాను. పైపు అక్కడే పడేసి వచ్చి, అరుగు మీద కూర్చుని, చెప్పిందే మళ్ళీ చెప్పించుకున్నాను. మడి మునిగిపోయిందని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. దెప్పనీ. ముప్పై నాలుగేళ్ళు ఈ సిరొంచ తాలూకా మరాఠీ బళ్ళలో సుద్ద అరగదీసినవాణ్ణి, ఇంట్లో ఇంకొకరు నల్లబల్ల ముందు నిలబడుతున్నారంటే ఒక మడి నారు పోతే పోయింది.

నీకు డి.ఎడ్‌లో అన్నీ చెప్పే ఉంటారు. ‘వార్షిక్ నియోజన్’ ఎట్లా రాయాలో, ‘ఘటక్ నియోజన్’ ఎట్లా విడగొట్టాలో, ‘పాఠ్ టాచణ్’లో ఏ గడి ఎక్కడ గీయాలో. అవన్నీ రాయి. చక్కగా రాయి. కేంద్రప్రముఖ్ తనిఖీకి వచ్చిన రోజు ఆ ఫైలు బల్ల మీద ఉండాలి. నేను చెప్పబోయేది ఆ ఫైల్లో లేని ఒక కాగితం గురించి. దానికి ప్రభుత్వం నమూనా ఇవ్వలేదు.

ముందు నా తప్పు చెప్తాను, విను.

కొలువులో చేరిన కొత్తలో నాకు ‘శబ్దార్థ్’ పిచ్చి. పొద్దున్నే బల్ల మీద ఇరవై మాటలు రాసేవాణ్ణి, పక్కన మరాఠీలోనే అర్థాలు. పిల్లలు వహీలో, అదే నోటుబుక్కులో, ఎక్కించుకోవాలి, మర్నాడు అప్పజెప్పాలి. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది, చురుకైంది. ‘బాష్పీభవన్’ అంటే చాలు, ‘పాణ్యాచీ వాఫ్ హోణే మ్హణజే బాష్పీభవన్’, నీళ్ళు ఆవిరి కావడమే బాష్పీభవన్, అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. నాకెంత గర్వమో. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తడిగుడ్డతో పలక తుడిచి ఎండకు ఊపుతోంది. తడి చూస్తుండగానే అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ మాయమైంది. ఊరికే అడిగాను, “నీళ్ళు ఎటు పోయినయే?” అని.

“ఇగిరిపోయినయ్ సార్.”

“ఇగిరిపోయినయ్ అంటే?”

“అంటే... ఇగిరిపోయినయ్.”

“మరి బాష్పీభవన్ అంటే?”

వెంటనే చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, ‘పాణ్యాచీ వాఫ్ హోణే’ మొదలుపెట్టింది. పలక ఇంకా చంకలోనే ఉంది. ఆ పలక మీద జరిగింది, నోటితో చెప్తున్నదీ ఒకటేనన్న సంగతి దాని తలలో లేదు. ఉండనిస్తే కదా? ఇగరడం ఒక గదిలో, బాష్పీభవన్ ఇంకో గదిలో. మధ్య గోడ కట్టింది నేనే, రోజుకు ఇరవై ఇటుకల చొప్పున.

అందుకే చెప్తున్నా, పదం కంటే ముందు పలక. వస్తువు కళ్ళ ముందు పడాలి, పిల్ల దాన్ని తన మాటలో అనాలి. అప్పుడు నువ్వు ‘దీన్నే పుస్తకం బాష్పీభవన్ అంటుంది’ అని చెప్పు. ఆ మాట అప్పుడు బరువనిపించదు.

ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకో. పిల్ల మాట అంటే తెలుగు పాఠ్యపుస్తకం మాట కాదు. చదువుకున్న తెలుగువాళ్ళు మన దగ్గరికి వచ్చి, ‘మాతృభాషలో చెప్పండి, బాష్పీభవనం అనండి’ అంటారు. ‘భవన్’ చివర సున్నా చేర్చినంత మాత్రాన అది అమ్మ మాట అయిపోతుందా? ‘లవం, హారం’ మన పిల్లలకు ఎంత కొత్తో ‘అంశ్, ఛేద్’ కూడా అంతే కొత్త. తెలంగాణలోని మంథని పిల్లకూ ‘వైశాల్యం’ పరాయి మాటే. ఇల్లు మాట్లాడే తెలుగు వేరు. ఇగరడం, ఊరడం, పొంగడం, మొలక, చెమ్మ. నీకు పనికొచ్చేది అది.

ఇంకొక తెలుగు కూడా ఉంది, దాన్ని పండితులు లెక్కలోకి తీసుకోరు. అంగడి తెలుగు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. కూడికను మరాఠీలో ‘బేరీజ్’ అంటారు కదా, మూడో తరగతి పిల్లలు ఆ మాట వినగానే బిక్కమొహం వేసేవారు. ఒకరోజు పత్తి సేటు ముందు మీ తాత, ‘అన్నీ బేరీజు వేస్కొని చెప్పు సేటూ’ అంటుంటే నా చెవికి తగిలింది. అరే, ఇది మా ఇంట్లో మాటే కదా! ‘వజాబాకీ’ తీసుకో. ‘అడ్వాన్సు వజా చేస్కొని మిగతాది ఇయ్యి’ అని కూలోళ్ళు అంటూనే ఉంటారు. బాకీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ మాట తెలియని పిల్ల మన తాలూకాలో లేదు. పెద్ద సంఖ్యలోంచి వజా చేస్తే మిగిలింది బాకీ. భాగహారంలో చివర మిగిలేదాన్ని కూడా మరాఠీలో ‘బాకీ’ అనే అంటారు. తెలుగు పుస్తకంలో అది ‘శేషం’. ఏది దగ్గర, చెప్పు?

ప్రశ్నపత్రంలో ‘రికామ్యా జాగా భరా’ అని ఉంటుంది. ‘పొద్దుగాల్నుంచి రికాం లేదు’ అని మీ పెద్దమ్మ రోజూ అనే రికాం అదే. ఖాళీ అన్నమాట. జాగా మనదే. ‘ఫరక్ సాంగా’లో ఫరక్ మనదే. నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడూ, ఇంగ్లీషువాళ్ళు 1860లో ఈ గడ్డ తీసుకుని సిరొంచనే కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా చేసినప్పుడూ, 1874లో దాన్ని రద్దు చేసి మనల్ని చాందాలో కలిపినప్పుడూ, 1982లో గడ్చిరోలి జిల్లా పుట్టినప్పుడూ కచేరీల తలుపు మీద పేరు మారింది. సంతలో చిట్టా మాత్రం ఈ మాటల్లోనే నడిచింది. సంస్కృతం కలిపే వంతెన ఎత్తుగా, అందంగా ఉంటుంది, నిజమే. దాని మీద నడిచేది పెద్దవాళ్ళు. మన పిల్లలు దాటేది ఈ అంగడి వంతెన మీదే.

అయితే ఒకేలా వినిపించే మాటలన్నీ వంతెనలు కావు. కొన్ని గుంతలు. ఒకటో తరగతిలో శరీర భాగాల పాఠం చెప్తూ ‘కాన్ దాఖవా’, చెవి చూపించండి, అన్నావనుకో, కొత్తగా వచ్చిన పిల్లలు కళ్ళ మీద వేళ్ళు పెడతారు. కాన్ వాళ్ళకు కన్నులా వినిపిస్తుంది. తల చూపించమని ‘డోకే’ అంటే డొక్క పట్టుకుంటారు. నోరు చూపించమని ‘తోండ్’ అంటే తొండ ఎక్కడుందా అని గోడ వైపు చూస్తారు. నాతో పనిచేసిన ఒకాయన, అవతలి జిల్లా నుంచి వచ్చినవాడు, పచ్చి మామిడి ఎత్తి పట్టుకుని ‘హే కాయ్?’, ఇదేంటి, అన్నాడు. పిల్లలంతా ఒక్క గొంతుతో ‘ఔ సార్, కాయనే!’ అన్నారు. ఆయన ఎగతాళి చేస్తున్నారనుకుని బెత్తం తీశాడు. నిజానికి తరగతిలో ఆ రోజు సరైన జవాబు చెప్పింది పిల్లలే, అది కాయే గదా, పండు కాదు. నువ్వు మాత్రం నవ్వు. పిల్లలతో కలిసి నవ్వు. నవ్వుతూ నేర్చుకున్న ఫరక్ మరిచిపోరు.

నవ్వు రానిది ఒకటుంది. ‘పూర్’. మరాఠీలో వరద. మన పిల్లకు పూర్ అంటే ఊరు, చంద్రపూర్‌లో పూర్. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత ఒక్కసారే ఎగదన్నినప్పుడు సామాన్లు నెత్తిన పెట్టుకుని గుట్టెక్కిన పిల్లలు మన బళ్ళలో ఉన్నారు. నీళ్ళు ఏ రంగులో వస్తాయో, రాత్రి ఎట్లా చప్పుడు చేస్తాయో, తగ్గాక పొలంలో ఎంత మేట మిగులుతుందో వాళ్ళకు తెలిసినంత నాకూ తెలియదు. అట్లాంటి పిల్ల ‘పూర్ మ్హణజే కాయ్?’ అన్న ప్రశ్న ముందు నోరు తెరవకుండా నిలబడితే, సున్నా పెట్టాల్సింది ఎవరికి?

లెక్కల్లో నీకు అన్నింటికంటే పెద్ద తలనొప్పి అంకెలు పలకడం దగ్గర వస్తుంది. ముందే చెప్తున్నా, పిల్లల్ని మొద్దులనుకోకు. మనం ‘ఇరవై అయిదు’ అంటాం, పెద్దది ముందు, చిన్నది తర్వాత, రాసేదీ అట్లాగే. మరాఠీలో ‘పంచవీస్’, అయిదు ముందు వినిపిస్తుంది. పిల్ల విన్న వరసలో రాస్తుంది, 52. ‘ఎకోణతీస్’ అంటే 31 అంటుంది, ఒకటీ ముప్పయ్యీ వినిపించాయి కదా. అది 29 అని దానికెట్లా తెలుస్తుంది? 2019లో బాలభారతి వాళ్ళు రెండో తరగతి లెక్కల పుస్తకంలో ‘వీస్ పాచ్’ అనే పద్ధతిని కూడా పెట్టారు. రాష్ట్రమంతా గొడవైంది, శాసనసభలో కూడా నవ్వుకున్నారు. ఆ లెక్కల కమిటీకి పెద్దగా ఉన్న మంగళా నార్లీకర్ గారు, దక్షిణాది భాషల్లో ఇట్లాగే అంటారు, పిల్లలకు సులువు అని సమర్థించుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నేను మీ పెద్దమ్మతో, ‘మన ఇరవై అయిదు పుణె దాకా పోయిందే’ అన్నాను. నార్లీకర్ గారు 2023లో పోయారు. మన సరిహద్దు బళ్ళలో ఏడ్చే పిల్లల పక్షాన మాట్లాడిందని నాకు ఆమె మీద గౌరవం.

కానీ బజారులో, బ్యాంకులో ‘పంచవీస్’ పోలేదు, పోదు. కాబట్టి రెండూ నేర్పాలి. ముందు ‘వీస్ పాచ్’తో చేయి కుదరనీ, తర్వాత పాత పలుకు. ఒక కిటుకు చెప్తా. ‘ఉణే’ అనే ఒక్క మాట బాగా నేర్పు. ఉణే అంటే తక్కువ. అది పట్టుబడితే ఎకోణతీస్ విడిపోతుంది, ఒకటి తక్కువ ముప్పై. ‘పావణే దోన్’ విడిపోతుంది, పావు తక్కువ రెండు. లేకపోతే పావూ రెండూ విని పిల్లలు రెండుంపావు అంటారు. టైము చెప్పేటప్పుడు మనమూ ‘పావు తక్కువ రెండు’ అంటాం గదా. తీసివేత గుర్తు పేరు కూడా ఉణేనే. ఒక్క తాళం చెవికి మూడు తాళాలు. రోజుకు ఇరవై మాటలు బట్టీ వేయించడం కంటే ఇట్లాంటి మాట ఒకటి మేలు.

ఇంకా చెప్తే, పేర్లకంటే పనుల మాటలే పిల్లల్ని ఎక్కువ ముంచుతాయి. త్రికోణ్, చౌరస్ బొమ్మ చూపిస్తే వచ్చేస్తాయి. ‘వర్గీకరణ్ కరా’, ‘తులనా కరా’, ‘కారణ్ సాంగా’, ‘జోడ్యా లావా’, అంటే వేరు చేయి, పోల్చు, కారణం చెప్పు, జతలు కలుపు – వీటికి బొమ్మ లేదు. పిల్లకు జవాబు తెలుసు, ఏం చేయమన్నారో తెలియదు. కాగితం తెల్లగా ఇచ్చి వస్తుంది. నీకూ ఇందులో ఒక గుంత ఉంది. ‘చిత్రాచే నిరీక్షణ్ కరా’ అంటే బొమ్మను పరిశీలించమని. నువ్వు అత్తగారి ఊళ్ళో తెలుగు పత్రికలు చదివిన పిల్లవు, నీకు నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఈ ఆజ్ఞల మాటలు పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. మొదటి రెండు నెలలూ వాటిని ఆటలో పెట్టు. రాళ్ళూ ఆకులూ పోగేయించి ‘వర్గీకరణ్ కరా’ అను. చింతగింజలు, ఇప్పగింజలు వేరు చేస్తారు. అంతే, అదే వర్గీకరణ్.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ఏడాది ప్రణాళిక పాఠాల వరసలో కాదు, మాటల వరసలో, మన నేల తిరిగే వరసలో వేసుకో. పుస్తకం పుణెలో కూర్చుని రాసింది. దానికి మన మిరపతోటల సంగతి తెలియదు. అయినా పాపం, మూడో తరగతి ‘పరిసర్ అభ్యాస్’ జిల్లాకొకటి చొప్పున వేసి, గడ్చిరోలికి విడిగా పుస్తకం చేశారు. దాన్ని మాత్రం గౌరవంగా వాడుకో. నేనైతే బడి తెరవగానే, జూన్ చివర నుంచి, నది మాటలు పట్టుకునేవాణ్ణి. ఉపనదీ, సంగమ్, పూర్, కాఠ్. ప్రాణహిత కళ్ళ ముందే రంగు మారుతూ ఉంటుంది. వర్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవడం, అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడటం, కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరడం. సంగమ్ అన్న ఒక్క మాటకు మన పిల్లలకున్నన్ని ఉదాహరణలు రాష్ట్రంలో ఏ పిల్లలకున్నాయి? 2022 ఏప్రిల్ ప్రాణహిత పుష్కరాల్లో వీళ్ళు అక్కడే మునిగారు. మేడిగడ్డ బ్యారేజీ సంగతి వాళ్ళే తెస్తారు, వాళ్ళ భూములు దాని నీళ్ళలో మునిగాయి కనుక. ఆనకట్టల ‘ధరణ్’ పాఠంలో లాభాలు మాత్రమే రాసి ఉంటే, పిల్ల లేచి ఇంకోటి చెప్తే, కూర్చోమనకు.

నాట్లు పడే రోజుల్లో మొక్క భాగాలు, మూళ్, ఖోడ్, పాన్. పత్తి తూకాలప్పుడు ఒకటింపావు, ఒకటిన్నర, రెండున్నర అనే సవ్వా, దీడ్, అడీచ్, ఆ వెంటనే భిన్నాలు, అదే అపూర్ణాంక్. తక్కెడ పక్కన నిలబడ్డ పిల్లకు పావు కిలో దగ్గర మోసం ఎక్కడ జరుగుతుందో తెలుసు. దానికి అంశ్-ఛేద్ పేర్లు ఇవ్వడమే నీ పని. అసలైన లెక్క ఇక్కడుంది చూడు, బరువైన కొత్త మాటలన్నీ సంక్రాంతి లోపే అయిపోవాలి. జనవరి దాటితే మిరప ఏరడానికి నది దాటి తెలంగాణకు పోయే కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకుపోతాయి. మార్చిలో ఇప్పపూలు, తెల్లవారుజామునే అడవికి. ఆ తర్వాత తునికాకు. హాజరు పట్టీ సగం ఎర్రగీతలే. అప్పుడు కొత్త పాఠం మొదలుపెడితే వచ్చిన నలుగురికి చెప్పి, రాని పదిమందిని పైతరగతికి తోసినట్టే. జనవరి నుంచి పాత మాటల్నే తిప్పి తిప్పి వాడు. కథలో, ఆటలో, లెక్కలో. వారానికి అయిదారు కొత్త మాటలు మించకు. అధికారి అడిగితే ‘తక్కువే సార్, కానీ మిగిలేవి’ అని చెప్పు. మరీ కోప్పడితే నా పేరు చెప్పు, నాకిప్పుడు బదిలీ భయం లేదు.

ఒక్క విషయంలో మాత్రం నియోజన్ పక్కన పెట్టి పిల్లల్ని బయటికి తీసుకుపో. వడధం శిలాజాల పార్కుకు. రాయి అయిపోయిన చెట్టు మొద్దుల మీద చేయి వేయించు, ఆ తర్వాతే ‘జీవాశ్మ్’ అను. జీవ్, అశ్మ్, అంటే ప్రాణి, రాయి. ఆ పక్కనే మన పోచంపల్లి. అరవై ఏళ్ళ కింద కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అక్కడ తవ్వి బండ్లకొద్దీ బొక్కలు తీశారు. ఒక్క తొడ బొక్కే మనిషెత్తు. 1975లో దానికి ‘బరాపాసారస్ టాగోరీ’ అని పేరు పెట్టారు. బెంగాలీలో ‘బరా పా’ అంటే పెద్ద కాలు. సారస్ గ్రీకులో బల్లి. తవ్విన కాలం టాగోర్ శతజయంతి కాలం కాబట్టి చివర ఆయన పేరు. అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది. శాస్త్రం పేరంటే ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, ఎవరో ఒకరు తన ఇంటి మాటతో పెట్టేదేనని పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పే పాఠం లేదు. ఆ తవ్వినవాళ్ళు మనవాళ్ళయి ఉంటే అది ‘పెద్దకాలుసారస్’ అయ్యేదని చెప్పు, చూడు ఎట్లా నవ్వుతారో.

తెలుగులో సైన్సు మాటలు కట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు నాగపూర్‌లో చదువుకున్నాయన, మరాఠీలో కూడా రాసినాయన. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్ర పుస్తకాలు వేయించారు. రెండు భాషలు ఒకదాన్నొకటి తినవని ఆయన్ని చూస్తే తెలుస్తుంది. అందుకే తెలుగు మీది ప్రేమతో మరాఠీకి అన్యాయం చేయకు. పరీక్ష మరాఠీలో, కొలువు మరాఠీలో, ఆసుపత్రి చీటీ మరాఠీలో. షోలాపూర్‌లో, ముంబయిలో తెలుగు బళ్ళున్నాయి. మన దగ్గరివి మరాఠీవే. ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేట్టు చూడాలని రాజ్యాంగం 350ఎలో రాసుకున్నాం. అది రాసి ఉందని తెలుసుకుని ఉండు. అది అమలయ్యేదాకా నీ పిల్లలు ఆగలేరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నీ తరగతిలో అందరూ తెలుగు పిల్లలు కారు. వెనక వరసలో మాడియా గోండు పిల్లలుంటారు. నువ్వు తెలుగులో నవ్వించినప్పుడు వాళ్ళు నవ్వరు. నీకు మరాఠీ ఎట్లాగో వాళ్ళకు తెలుగు అట్లాగ, ఇంకో పరాయి భాష. మనకు జరిగిందే మనం వాళ్ళకు చేయొద్దు. ‘ఏర్’ అంటే నీళ్ళు వాళ్ళకు. మన ఏరు వినిపించడం లేదూ అందులో? ధానోరా వైపు మోహగావ్‌లో 2019లో గ్రామసభలు తామే గోండి బడి పెట్టుకున్నాయి. ఎంత కడుపు మండితే పెట్టుకుని ఉంటారు! నేను కొలువులో ఉన్నన్నాళ్ళూ మాడియా మాటలు వంద కూడా నేర్చుకోలేదు. అది నా సోమరితనం. నువ్వు ఆ పిల్లలనే అడుగు. పంతులమ్మకు పాఠం చెప్పే భాగ్యం రోజూ దొరకదు, సంబరంగా చెప్తారు.

తమ్ముడి చేత ఒక వహీ పంపుతున్నాను. నీలం అట్టది. మూడు గడులు, పుస్తకం మాట, తెలుగు పిల్ల మాట, మాడియా పిల్ల మాట. మొదటి గడి నిండుగా ఉంటుంది, రెండోది చాలావరకు, మూడో దాంట్లో ఖాళీలే ఎక్కువ. చివరి పేజీలు చెదలు తిన్నాయి, పెద్దగా ఏం పోలేదు. ‘ఖోరే’ దగ్గర రెండో గడి కూడా ఖాళీ. ఒక నదికి నీళ్ళు ఏ మేర నుంచి వచ్చి చేరతాయో ఆ నేలంతా ఖోరే. తెలుగు పుస్తకంలో దాన్ని ‘పరీవాహక ప్రాంతం’ అంటారు, అది పిల్ల నోట్లో పట్టదు. ఇరవై ఏళ్ళు అడిగాను, ఎవరూ నాకు నచ్చే మాట చెప్పలేదు. మొదటి వాన పడ్డాక పిల్లల్ని గుట్ట మీదికి తీసుకుపోయి, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూపించి, వాళ్ళేమంటారో విను. పెన్సిల్‌తో రాయి.

మీ పెద్దబాపు